డబ్బు పుట్టుక కథలు: క్రిప్టో కరెన్సీ గ్రంథాల తులనాత్మక పఠనం

వ్యాససంగ్రహం

క్రిప్టో కరెన్సీని అర్థం చేసుకోవడానికి సాధారణంగా సిఫారసు చేసే గ్రంథాలు శాస్త్రగ్రంథాల రూపంలో ఉన్నా, వాటి వాదబలం చాలావరకు ఒక కథనం మీద ఆధారపడి ఉంటుంది. డబ్బు ఎలా పుట్టింది, ఎప్పుడు చెడింది, దేనివల్ల మళ్లీ బాగుపడుతుంది అన్నవి ఆ కథనంలోని మూడు ఘట్టాలు. సతోషి నకమోటో పత్రాన్ని, సైఫెడీన్ అమ్మూస్, ఫెలిక్స్ మార్టిన్, డేవిడ్ గ్రేబర్, ఎఫ్.ఎ. హయెక్, బి.ఆర్. అంబేడ్కర్ రచనలను ఈ దృష్టితో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బిట్‌కాయిన్ నిర్మాణరీత్యా ఒక పద్దు అయినప్పటికీ ప్రచారంలో లోహంగా వర్ణితమవుతోందని, ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని గుర్తించడమే విమర్శనాత్మక పఠనానికి తొలిమెట్టు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డబ్బు, అప్పు, పద్దు, బిట్‌కాయిన్, కథనం, రూపకం, చెల్లుబడి, పరపతి.

1. ప్రవేశిక

క్రిప్టో కరెన్సీ గురించి ఏం చదవాలన్న ప్రశ్న ఇవాళ వాణిజ్యశాస్త్ర విభాగాలకే పరిమితం కాలేదు. భాషాసాహిత్యాలు చదివే విద్యార్థులూ ఈ ప్రశ్న అడుగుతున్నారు. వారిలో కొందరు చదవడానికి ముందే కొంత డబ్బు అందులో పెట్టి ఉంటారు కూడా. కాబట్టి ఇది పఠనాభిరుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

మన దేశంలో ఈ ఆస్తుల చట్టస్థితి కూడా సందిగ్ధంగానే ఉంది. బ్యాంకులు క్రిప్టో వ్యాపారానికి సేవలు అందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2022 నాటి ఆర్థిక చట్టం వీటిని ‘వర్చువల్ డిజిటల్ ఆస్తులు’గా నిర్వచించి, బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను విధించింది. పన్ను ఉంది గాని, డబ్బుగా గుర్తింపు లేదు. చట్టం స్పష్టంగా తేల్చని చోట పుస్తకం తీర్పరి అవుతుంది. పాఠకుడు మొదట ఏ పుస్తకం చదివితే తక్కినవాటిని ఆ పుస్తకం ఇచ్చిన కళ్లతోనే చూస్తాడు. అందువల్ల పఠనసూచిక నిర్దోషమైన జాబితా కాదు. దాని వరుసలోనే ఒక వాదం ఉంటుంది.

ఆర్థిక సిద్ధాంతాల సత్యాసత్యాలను తేల్చడం ఈ వ్యాసం పరిధిలో లేదు. కథనాన్ని, రూపకాన్ని, దృష్టికోణాన్ని గుర్తించే సాహిత్యవిమర్శ పనిముట్లతో ఈ గ్రంథాలను చదివితే ఏం తేలుతుందన్నదే ఇక్కడి పరిశీలన.

2. మూలపత్రం: బాకీదారు లేని పద్దు

సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన పత్రం తొమ్మిది పుటలది. బిట్‌కాయిన్ గురించి మాట్లాడేవారు తరచూ పేర్కొనే ఈ పత్రాన్ని చదివితే కొన్ని విషయాలు ఆశ్చర్యం కలిగిస్తాయి. చివర ఇచ్చిన ఎనిమిది ఆధారాలు గూఢలిపి శాస్త్రానికి, కాలముద్రలకు, సంభావ్యతా గణితానికి సంబంధించినవి. వాటిలో ఒక్క అర్థశాస్త్రజ్ఞుడి పేరూ లేదు. ప్రసిద్ధమైన 2.1 కోట్ల నాణేల పరిమితి కూడా ఈ పత్రంలో కనిపించదు. అది ఆ తర్వాత విడుదలైన సాఫ్ట్‌వేర్‌లోనిది.

పత్రం ఎదుర్కొన్న సమస్య స్పష్టమైనది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదేదైనా నకలు తీయవచ్చు గనుక ఒకే మొత్తాన్ని ఇద్దరికి చెల్లించే అవకాశం ఉంది. బ్యాంకు తన ఖాతా పుస్తకం చూసి దీన్ని అడ్డుకుంటుంది. బ్యాంకు లేకుండా అడ్డుకోవడం ఎలా? ప్రతి లావాదేవీని అందరికీ ప్రకటించి, ఏది ముందు ఏది వెనుక అన్న వరుసను కంప్యూటర్ల గణనశ్రమతో స్థిరపరచడం నకమోటో చూపిన మార్గం. తెలుగు వ్యాపారి పరిభాషలో చెప్పాలంటే ఇది ఊరందరి చేతిలో ఒకే ప్రతి ఉండే చిట్టా. ఒకరు దిద్దితే మిగిలినవారికి తెలిసిపోతుంది.

ఇక్కడ నిర్వచనం కీలకమైనది. ఎలక్ట్రానిక్ నాణెం అంటే డిజిటల్ సంతకాల గొలుసు అని పత్రమే నిర్వచిస్తుంది. అంటే చేత పట్టుకోదగిన వస్తువేదీ లేదు. ఎవరి నుంచి ఎవరికి మారిందో తెలిపే నమోదు మాత్రమే ఉంది. అయితే అదే పత్రం కొత్త నాణేల జారీని వివరిస్తూ బంగారు గనుల్లో పనిచేసేవారితో పోలిక తెస్తుంది. ఆ ఒక్క పోలిక నుంచే ‘తవ్వకం’ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చి, చివరకు ‘డిజిటల్ బంగారం’ అన్న నామాంతరం స్థిరపడింది. పోలికగా మొదలైనది రూపకమై, రూపకం నిర్వచనం స్థానాన్ని ఆక్రమించింది. ఉపమేయం మరుగునపడి ఉపమానమే మిగలడాన్ని మన ఆలంకారికులు అతిశయోక్తి భేదంగా చెబుతారు. ఆర్థికచర్చలో అదే జరిగితే దాన్ని వాస్తవంగా పొరబడే ప్రమాదం ఉంది.

మరో సంగతి కూడా గమనార్హం. సాధారణంగా పద్దులో ఒకరి జమ మరొకరి బాకీ. బ్యాంకు ఖాతాలో మన సొమ్ము ఉందంటే బ్యాంకు మనకు బాకీ ఉందని అర్థం. బిట్‌కాయిన్ పద్దులో జమ ఉంది, బాకీదారు లేడు. అడగవలసి వస్తే ఎవరినీ అడగలేం. లోహాన్ని నమ్మినవారికి ఇది గొప్ప గుణం, అప్పును నమ్మినవారికి గొప్ప లోపం. ఈ భేదాభిప్రాయం వెనుక డబ్బు పుట్టుకకు సంబంధించిన రెండు ప్రాచీన కథలు ఉన్నాయి.

3. వస్తుమార్పిడి కథ, అప్పు కథ

మొదటిది వస్తుమార్పిడి కథ. ఆడమ్ స్మిత్ 1776 నాటి గ్రంథంలో మాంసం అమ్మేవాణ్ణి, రొట్టెలు చేసేవాణ్ణి ఉదాహరణగా తీసుకుంటారు. ఒకరి దగ్గర ఉన్నది మరొకరికి అక్కరలేనప్పుడు మార్పిడి ఆగిపోతుంది కనుక, అందరూ అంగీకరించే సరుకు ఒకటి అవసరమవుతుంది. కార్ల్ మెంగర్ 1892లో ఈ ఊహను సిద్ధాంతీకరించారు. ఎక్కువ సులభంగా అమ్ముడుపోయే సరుకే క్రమంగా డబ్బవుతుందని, దానికి రాజాజ్ఞ అక్కరలేదని ఆయన వాదన. బంగారం, వెండి ఈ కథకు నాయకులు.

రెండవది అప్పు కథ. ఆల్ఫ్రెడ్ మిచెల్-ఇన్స్ 1913లో డబ్బు సారం లోహం కాదని, అప్పు అని వాదించారు. మానవశాస్త్రవేత్త కరొలైన్ హంఫ్రీ 1985లో శుద్ధ వస్తుమార్పిడి మీద నడిచిన ఆర్థికవ్యవస్థకు దాఖలాలు లేవని చూపారు. డేవిడ్ గ్రేబర్ 2011లో వెలువరించిన ‘డెట్: ద ఫస్ట్ 5,000 ఇయర్స్’ ఈ వాదనను విస్తృత చరిత్రగా మలిచింది. మెసొపొటేమియా దేవాలయాల లెక్కలు నాణేల కంటే రెండువేల ఏళ్లకు పైగా పాతవి. అక్కడ వెండి ప్రధానంగా కొలమానం, రోజువారీ బాకీలు పంటలప్పుడు తీరేవి.

ఈ రెండవ కథ తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. మన గ్రామాల ఆయగాళ్ల వ్యవస్థలో మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి ఏడాది పొడుగునా పనిచేసి కళ్లంలో ధాన్యం మేర పుచ్చుకునేవారు. పనికి పనికీ వస్తువు మారేది కాదు, నాణెమూ మారేది కాదు. ఎవరికి ఎంత రావాలో ఊరికి తెలుసు. స్మిత్ ఊహించిన బజారుకు ఈ ఏర్పాటులో చోటు లేదు.

అయితే అప్పు కథను ఆదర్శీకరించడానికి వీల్లేదు. ఆయగాళ్ల లెక్క కులం లెక్కతో ముడిపడి ఉంది. నిజాం పాలనలోని తెలంగాణలో భగేలా పద్ధతి బాకీ పేరుతో మనిషిని కట్టిపడేసింది. ఊరంతా ఎరిగిన పద్దు ఊరి పెత్తనాన్ని కూడా మోస్తుంది. అప్పు బానిసత్వంగా మారే తీరును గ్రేబర్ విస్తారంగానే చర్చించారు. గ్రంథంలో ప్రాచీనయుగాల భాగం ఎంత బలమైనదో, 1971 తర్వాతి కాలాన్ని చర్చించే భాగం అంత బలహీనమైనది. ఆపిల్ సంస్థ ఆవిర్భావం గురించి తొలి ముద్రణలో వచ్చిన తప్పు వాక్యం విమర్శకుల చేతికి చిక్కింది. విశాలమైన కథనం రాసేవారు వివరాల దగ్గర జారే ప్రమాదానికి ఇదొక నిదర్శనం.

4. యాప్ దీవి రాళ్లు: ఒకే ఇతివృత్తం, రెండు తీర్పులు

ఈ రెండు కథలూ ఒకే చోట కలుసుకునే ఘట్టం ఒకటి ఉంది. పసిఫిక్ మహాసముద్రంలోని యాప్ దీవి ప్రజలు 400 కి.మీ.కు పైగా దూరంలోని పలావు దీవుల నుంచి సున్నపురాయి చక్రాలు తెచ్చుకుని సంపదగా భావించేవారు. పెద్ద రాయి యజమాని మారినా రాయి కదిలేది కాదు. ఎవరిదన్నది దీవివాసులకు తెలిస్తే చాలు.

ఫెలిక్స్ మార్టిన్ 2013 నాటి ‘మనీ: ది అనాథరైజ్డ్ బయోగ్రఫీ’ ఈ ఘట్టంతోనే ప్రారంభమవుతుంది. సముద్రంలో మునిగిపోయి ఎవరి కంటికీ కనిపించని రాయి కూడా ఒక కుటుంబానికి సంపదగా చెల్లుబాటైన సంగతి ఆయనకు ప్రధానం. రాయి డబ్బు కాదని, రాయి గుర్తుచేసే పద్దే డబ్బని ఆయన తీర్పు. 2018లో వచ్చిన అమ్మూస్ గ్రంథం ‘ద బిట్‌కాయిన్ స్టాండర్డ్’ కూడా ఇదే దీవిని తొలి అధ్యాయాల్లో దర్శిస్తుంది. ఆయనకు ప్రధానమైన పాత్ర డేవిడ్ ఒకీఫ్ అనే నావికుడు. పంతొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో ఒకీఫ్ ఆధునిక సాధనాలతో రాళ్లను సులభంగా తెచ్చి దీవివాసులతో పని చేయించుకున్నాడు. తేలికగా తయారుచేయగలిగినది డబ్బుగా నిలవదని, కష్టసాధ్యమైనదే నిలుస్తుందని అమ్మూస్ తీర్పు.

ఇతివృత్తం ఒకటే అయినా నాయకుడు మారాడు. మార్టిన్ కథలో నాయకుడు మునిగిన రాయి, అమ్మూస్ కథలో ప్రతినాయకుడు ఒకీఫ్. ఒకరు వదిలేసిన వివరమే మరొకరికి ఆధారం. ఒకే రామకథ కవిని బట్టి వేర్వేరు తాత్పర్యాలు పొందడం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది అపరిచితమైన ప్రక్రియ కాదు. బిట్‌కాయిన్ విషయంలో మాత్రం ఈ ఘట్టం విచిత్రంగా రెండువైపులా సాక్ష్యం చెబుతుంది. అందరికీ తెలిసిన పద్దు అన్న మేరకు అది మార్టిన్ చెప్పిన రాయి. తవ్వడం కష్టం అన్న మేరకు అమ్మూస్ చెప్పిన రాయి. రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టుకున్న పాఠకుడికే ఈ ద్వంద్వం తెలుస్తుంది.

అమ్మూస్ గ్రంథంలో సాహిత్య కళల అధ్యాపకులు ప్రత్యేకంగా పరిశీలించవలసిన భాగం మరొకటి ఉంది. గట్టి డబ్బు ఉన్న కాలంలో మనుషులు దూరదృష్టితో జీవిస్తారని, అప్పుడే గొప్ప కళ పుడుతుందని, కాగితపు డబ్బు కాలంలో కళ క్షీణించిందని ఆయన వాదిస్తారు. ఇది నిరూపణ లేని సాధారణీకరణ. ఆధునిక కళ పట్ల రచయిత అయిష్టం ఇక్కడ ఆర్థికసూత్రంగా వేషం వేసుకుంది. బంగారు ప్రమాణం సడలిన తర్వాతి దశాబ్దాల్లోనే తెలుగులో భావకవిత్వం వికసించింది, అభ్యుదయ కవిత్వం వెల్లివిరిసింది. కాలాల పొరుగును కార్యకారణంగా చూపడం తగదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

5. హయెక్: పూర్వీకుడిగా చెప్పుకొనే రచయిత

క్రిప్టో పఠనసూచికల్లో తరచు కనిపించే మరో రచన హయెక్ 1976లో ప్రకటించిన ‘డీనేషనలైజేషన్ ఆఫ్ మనీ’. డబ్బు జారీపై ప్రభుత్వాల గుత్తాధిపత్యం తొలగాలన్న ప్రతిపాదన వల్ల ఆయనను బిట్‌కాయిన్‌కు పూర్వీకుడిగా చెప్పుకోవడం పరిపాటి అయింది. గ్రంథాన్ని చదివితే ఈ వంశవృక్షం సందేహాస్పదంగా కనిపిస్తుంది. హయెక్ ఊహించినవి పరస్పరం పోటీపడే ప్రైవేటు బ్యాంకుల కరెన్సీలు. సరుకుల ధరలతో పోల్చి విలువ స్థిరంగా ఉండేటట్టు, జారీ చేసిన సంస్థ పరిమాణాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. విలువ నిలవాలి, పరిమాణం మారాలి. బిట్‌కాయిన్‌లో పరిమాణం ముందే నిర్ణయమైంది, విలువే మారుతుంది. 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లున్న ధర ఏడాది తిరిగేసరికి 16,000 డాలర్ల దరిదాపులకు పడింది. అంచేత హయెక్ గ్రంథాన్ని బిట్‌కాయిన్ సమర్థనగా కాక, దానిపై ముందుగానే రాసిన విమర్శగా చదవడానికి కూడా వీలుంది.

6. బంగారు యుగం ఎవరిది? అంబేడ్కర్ ప్రశ్న

లోహకథలో రెండవ ఘట్టం స్వర్ణయుగం. 1870ల నుంచి 1914 వరకు ఐరోపా దేశాలు బంగారు ప్రమాణాన్ని పాటించిన కాలాన్ని స్థిరత్వానికి, సమృద్ధికి నమూనాగా అమ్మూస్ వర్ణిస్తారు. ఇది లండన్ నుంచి కనిపించే దృశ్యం. అదే కాలం మొదట్లో, 1876–78లో, మద్రాసు రాజధాని జిల్లాలు ధాత కరువుతో అల్లాడాయి. ఆ కరువుకు బంగారు ప్రమాణమే కారణమని అనలేం. కాని స్వర్ణయుగం అన్న మాట ఎవరి జ్ఞాపకమో గుర్తించడానికి ఆ సంవత్సరాలు ఉపకరిస్తాయి.

1835 నుంచి బ్రిటిష్ ఇండియా నాణెం వెండి రూపాయి. పాశ్చాత్య దేశాలు వెండిని వదిలి బంగారాన్ని పట్టుకోవడంతో వెండి ధర పడింది. 1870ల ఆరంభంలో సుమారు రెండు షిల్లింగులున్న రూపాయి 1892–93 నాటికి ఒక షిల్లింగు మూడు పెన్నీల దగ్గరికి దిగింది. భారత ప్రభుత్వం లండన్‌కు బంగారంలో చెల్లించే హోం చార్జీల భారం రూపాయల్లో అంతకంతకూ పెరిగింది. 1893లో వెండి నాణేల ముద్రణకు టంకశాలలను ప్రజలకు మూసివేశారు.

అమ్మూస్ ఈ చరిత్రను పూర్తిగా విస్మరించలేదు. వెండిని అంటిపెట్టుకున్న భారత, చైనాలు నష్టపోయాయని, వాటి వెనుకబాటుకు దానితో విడదీయరాని సంబంధం ఉందని చెబుతారు. మెత్తని లోహాన్ని పట్టుకున్నవాడు గట్టి లోహం ఉన్నవాడి చేతిలో ఓడతాడన్నది ఆయన తీసిన నీతి. ఈ కథనంలో కర్త లోహం. ఏ లోహాన్ని ఎవరు నిర్ణయించారు, టంకశాల తలుపు ఎవరు మూశారు అన్న ప్రశ్నలు వెనక్కి పోతాయి.

ఇదే చరిత్రపై అంబేడ్కర్ 1923లో లండన్‌లో ‘ద ప్రాబ్లెమ్ ఆఫ్ ద రూపీ’ ప్రచురించారు. లండన్ విశ్వవిద్యాలయంలో ఆయన డి.ఎస్‌సి. సిద్ధాంతవ్యాసం ఇది. ఆచార్య ఎడ్విన్ కానన్ దీనికి ముందుమాట రాశారు. 1913లో కీన్స్ సమర్థించిన స్వర్ణ మారక ప్రమాణాన్ని అంబేడ్కర్ ఇందులో ఖండించారు. రూపాయి బంగారంతో స్థిరంగా ఉంటే సరిపోదని, సరుకులు కొనే శక్తి స్థిరంగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. పాలకులు ఇష్టానుసారం రూపాయలు జారీ చేసే అధికారాన్ని నమ్మలేదు. జారీకి కచ్చితమైన హద్దు కోరారు.

ఈ చివరి అంశం వల్ల అంబేడ్కర్‌ను కూడా లోహకథలోకి చేర్చుకోవడం తేలిక. అయితే ఆయన వాదనలోని విశిష్టత వేరేచోట ఉంది. రూపాయి మారకం విలువ పడితే ఎగుమతిదారులకు వచ్చే లాభం ఆకాశం నుంచి ఊడిపడదని, ధరలతోపాటు కూలి పెరగని శ్రామికుల నుంచే అది వస్తుందని ఆయన చూపారు. కరెన్సీలో ప్రతి మార్పూ ఒక వర్గం నుంచి మరొక వర్గానికి సంపదను తరలిస్తుందన్న గ్రహింపు ఇది. 1925–26లో హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట సాక్ష్యమిచ్చినప్పుడూ ఆయన ఈ సమస్యలనే చర్చించారు. డబ్బు గట్టిదా మెత్తదా అని అమ్మూస్ అడుగుతారు. ఎవరికి గట్టి, ఎవరి ఖర్చుతో గట్టి అని అంబేడ్కర్ అడుగుతారు. మునుపే కొన్నవారి సంపద తర్వాత కొనేవారి రాకపై ఆధారపడే ఆస్తిని పరీక్షించడానికి ఈ రెండవ ప్రశ్నే పదునైనది.

7. తెలుగు మాటల సాక్ష్యం: చెల్లు, పరపతి

ఈ చర్చను తెలుగులోకి తెచ్చేటప్పుడు మన పదజాలం కొత్త వెలుగునిస్తుంది. ‘చెల్లు’ అన్న క్రియనే చూడవచ్చు. అప్పు తీరితే అప్పు చెల్లింది అంటాం. బజారులో పుచ్చుకుంటే నాణెం చెల్లింది అంటాం. నలుగురూ తలవొగ్గితే ఊళ్లో అతని మాట చెల్లుతుంది అంటాం. రుణవిమోచనం, సమ్మతి, అధికారం అన్న మూడు భావాలు ఒకే ధాతువులో ఇమిడి ఉన్నాయి. అర్థశాస్త్రంలో ఇవి మూడు వేర్వేరు సిద్ధాంతాలు. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నప్పుడు కాగితం మారలేదు, చెల్లుబడి మారింది. విలువరీత్యా చలామణిలో ఉన్న నగదులో దాదాపు 86 శాతం ఆ నోట్లే. రాజ్యాన్ని నమ్మరాదనడానికి క్రిప్టో సమర్థకులు ఈ సంఘటననే చూపుతారు. డబ్బు రాజ్యసృష్టి అనేవారూ దీన్నే చూపుతారు.

‘పరపతి’ మరో విలువైన మాట. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది రుణం. ఊళ్లో పరపతి ఉన్న మనిషి అన్నప్పుడు అది పలుకుబడి. అప్పు పుట్టేది పేరు ప్రతిష్ఠల మీదే అన్న సంగతి ఈ మాటలోనే ఉంది. నమ్మవలసిన మధ్యవర్తి అక్కరలేని డబ్బు నకమోటో ఆశయం. ఆచరణలో నమ్మకం చోటు మార్చుకుంది. గణనశక్తిలో అధికభాగం నిజాయతీపరుల చేతిలో ఉంటుందన్న భావన మూలపత్రంలోనే ఉంది. సామాన్యులు ఎక్స్ఛేంజీలను నమ్మవలసి వచ్చింది. 2014లో మౌంట్ గాక్స్, 2022లో ఎఫ్‌టీఎక్స్ కుప్పకూలినప్పుడు నష్టపోయింది ఆ నమ్మకమే. అనువాదకులు ‘ట్రస్ట్‌లెస్’ అన్న మాటకు నమ్మకం అక్కరలేనిది అని రాసేముందు, ఎవరి మీద నమ్మకం అక్కరలేనిది అని పూరించుకోవడం అవసరం.

8. పఠనక్రమం: ఒక ప్రతిపాదన

పై పరిశీలన ఆధారంగా పరిశోధకులకు, అధ్యాపకులకు ఈ క్రమాన్ని సూచించవచ్చు. మొదట నకమోటో పత్రం. దాని సాంకేతిక వివరణకు అరవింద్ నారాయణన్ తదితరులు 2016లో ప్రకటించిన ‘బిట్‌కాయిన్ అండ్ క్రిప్టోకరెన్సీ టెక్నాలజీస్’ ఉపకరిస్తుంది. అది పాఠ్యగ్రంథం గనుక ప్రచారస్వరం తక్కువ. తర్వాత మెంగర్, మిచెల్-ఇన్స్ వ్యాసాలు జంటగా చదవాలి. రెండూ చిన్నవే. ఆపైన అమ్మూస్, మార్టిన్ గ్రంథాల్లోని యాప్ దీవి భాగాలు. హయెక్‌ను ఆయన పేరు చెప్పుకొనేవారి ద్వారా కాక నేరుగా చదవాలి. గ్రేబర్‌ను వివరాలు సరిచూసుకుంటూ చదవాలి. చివర అంబేడ్కర్. మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన ఆయన రచనల ఆరవ సంపుటంలో ఈ గ్రంథం లభిస్తుంది. రెండే చదివే వ్యవధి ఉన్నవారికి నకమోటో పత్రం, అంబేడ్కర్ గ్రంథం చాలు. ఒకటి యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతుంది, మరొకటి యంత్రం ఎవరి కోసం పనిచేస్తుందో అడగడం నేర్పుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. డబ్బుపై వచ్చిన ప్రధాన గ్రంథాల తీర్పులు వాటి ఉత్పత్తికథల్లోనే నిక్షిప్తమై ఉన్నాయి. వస్తుమార్పిడి కథ లోహం వైపు, అప్పు కథ పద్దు వైపు నడిపిస్తాయి.

2. బిట్‌కాయిన్ తన నిర్వచనం ప్రకారం పద్దు, తన ప్రచారం ప్రకారం లోహం. బాకీదారు లేని పద్దు కావడం వల్ల అది రెండు కథల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడదు.

3. యాప్ దీవి ఘట్టం, వెండి రూపాయి పతనం వంటి ఉమ్మడి ఇతివృత్తాలను రచయితలు ఎలా వాడుకున్నారో పోల్చడం విమర్శకు ఫలవంతమైన మార్గం.

4. వలస పాలనలోని దేశం నుంచి, శ్రామికుడి స్థానం నుంచి కరెన్సీని చూసిన అంబేడ్కర్ గ్రంథం లేని పఠనసూచిక మనకు అసంపూర్ణం.

5. చెల్లు, చెల్లుబడి, పరపతి, పద్దు వంటి తెలుగు మాటలు ఈ విషయాన్ని బోధించడానికి తగిన పరిభాషను సమకూర్చగలవు. వీటి అర్థపరిణామంపై శాసనాల ఆధారంగా ప్రత్యేక పరిశోధన జరగవలసి ఉంది.

డబ్బు గురించిన పుస్తకాన్ని చదివే విద్యార్థి చేతిలో ఇవాళ కొంత నిజమైన డబ్బు కూడా ఉంటుంది. అతనికి ధరల జోస్యం చెప్పడం సాహిత్య అధ్యాపకుడి పని కాదు. తాను చదువుతున్నది ఎవరు చెబుతున్న కథో, అందులో ఎవరి నష్టం ప్రస్తావనకు రాలేదో గుర్తించడం నేర్పడం మాత్రం తప్పక అతని పనే.